ఎత్తని ఫోను ఒప్పుకుంది

“ఏజెంట్లు అబద్ధం చెప్పవు మేడమ్,” అన్నాడు రాకేశ్. ఈ ముక్క అనడం అప్పటికి మూడోసారి.

నేను జనగామ డిపోలో ఇరవై రెండేళ్లు కండక్టరుగా చేసి, మోకాళ్లు మొరాయించాక మానేసి, బస్టాండు ఎదుట జిరాక్స్ షాపు పైన ‘సుమన డిటెక్టివ్ సేవలు’ అని బోర్డు కట్టుకున్నదాన్ని. మూతిమీద నూగు మీసాలొచ్చిన కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని ఐదేళ్లు నిండలేదని ఒట్టేసిన తల్లులను చూసినదాన్ని. ఫలానావాళ్లు అబద్ధం చెప్పరు అని ఎవరైనా అంటే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. మనుషుల గురించి అన్నా మండుతుంది, మిషన్ల గురించి అన్నా మండుతుంది.

అప్పుడు టైము మధ్యాహ్నం ఒకటీ నలభై. పెద్దవంగరలో రైతు యంత్ర సంఘం షెడ్డు ముందు రాకేశ్, ఎస్సై, నేను ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. సంఘానికి మూడు వరికోత మిషన్లు ఉన్నాయి. ఒకటో నంబరు జనగామ వైపు, రెండోది భూపాలపల్లి వైపు, మూడోది మహబూబాబాద్ వైపు తిరుగుతాయి. సోమవారం సాయంత్రం ఐదూ ఐదుకు ఆ మూడో నంబరు ఈ షెడ్డులోంచి బయటికి వెళ్లింది. ఈ రోజు గురువారం. ఇల్లంత మిషను, రోడ్డు మీద పోతుంటే ఎదురొచ్చే బస్సు పక్కకు దిగాల్సిందే, అలాంటిది నాలుగు రోజులుగా కనబడలేదు.

డ్రైవర్ వాల్యాయే దొంగ అని సంఘం ఫిర్యాదు ఇచ్చింది. ఎస్సై పరశురాములు నాలుగింటికి కురవి గుడి బందోబస్తుకు బయలుదేరాలి. ఆలోపు తేలకపోతే వాల్యా మీద కేసు రాసి సంతకం పెట్టి పోతానన్నాడు. కేసు పడితే లైసెన్సు పోతుంది, మళ్లీ ఏ ఊళ్లోనూ ఎవరూ స్టీరింగ్ ఇవ్వరు. వాల్యాకు నలభై ఐదేళ్లు, స్టీరింగ్ తప్ప ఇంకో పని రాదు. అతని భార్య గంగాబాయి నిన్న నా ఆఫీసుకు వచ్చి, “మా ఆయన ఏం చెయ్యలే అక్కా, ఎవరు చేసిన్రో కనుక్కో,” అని ఒక్క మాట చెప్పి గంటసేపు కూర్చుంది. ఇప్పుడు షెడ్డు గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

“సరే సారూ,” అన్నాను రాకేశ్‌తో. “గా ఏజెంట్లు ఏం చెప్పినయో మల్లొకసారి చెప్పుండ్రి. జర నాకు సమజయ్యేటట్టు.”

రాకేశ్ ఆ ఏజెంట్లను తయారుచేసిన కంపెనీ మనిషి. సిటీ నుంచి వచ్చాడు. నాకు అర్థమయ్యేలా చెప్పడం తనకు శిక్ష అన్నట్టు ఒకసారి కళ్లు మూసుకుని తెరిచాడు.

“ప్రతి మిషన్‌కూ ఒక ఏజెంటు ఉంటుంది. అంటే కంప్యూటర్లో నడిచే ప్రోగ్రాం. ప్రతి రైతుకూ ఒకటి, గేటుకు ఒకటి. వాటిలో అవి మాట్లాడుకుని పని కుదుర్చుకుంటాయి. వాటికంటూ ఒక భాష ఉంది. అందులో ప్రతి సందేశమూ ముందు తాను ఏ రకమో చెప్పాలి. అడుగుతున్నానా, తెలియజేస్తున్నానా, ఒప్పుకుంటున్నానా, కాదంటున్నానా అని. ఆ తర్వాతే విషయం.”

“మా అత్తమ్మ గట్లనే. తిడుతున్న ఇను అని చెప్పి తిట్టేది.”

ఎస్సై దగ్గినట్టు నవ్వాడు. రాకేశ్ నవ్వలేదు.

“ఆ భాషలో మొదటి నియమం ఏమిటంటే, తాను నమ్మని విషయాన్ని ఏజెంటు తెలియజేయకూడదు. అందుకే అబద్ధానికి చోటు లేదు. సోమవారం నాలుగూ రెండుకు భూపాలపల్లి రైతు ఒకాయన తరఫున పిలుపు వచ్చింది. రెండెకరాల వరి కోయాలి, ఎవరొస్తారు అని. మూడో నంబరు వస్తానని ప్రతిపాదించింది. రైతు సరేనన్నాడు. ఏజెంటు డ్రైవర్‌ను అడిగింది. నాలుగూ పదిహేనుకు, ఇదిగో చూడండి, డ్రైవర్ అంగీకారం. నాలుగూ పదహారుకు గేటుకు కబురు. వాల్యా ఒప్పుకున్నాడు, మిషన్ తీశాడు, దారిలో మాయం చేశాడు. ఆ రైతూ వీళ్ల మనిషే అయ్యుంటాడు.”

“రైతు దొరికిండా?”

దొరకలేదు. నంబరు కొత్త సిమ్ము, మంగళవారం నుంచి స్విచాఫ్, వివరాలు రావడానికి వారం పడుతుందని ఎస్సై చెప్పాడు. రైతు చెప్పిన చోట వరి కూడా లేదు. బొగ్గుగని తవ్విపోసిన మట్టిగుట్ట ఉంది. రాకేశ్ రెండు రోజులు దాని చుట్టూ తిరిగి వచ్చాడు. బూట్లు ఇంకా నల్లగానే ఉన్నాయి. తెల్లబూట్లు వేసుకుని బొగ్గుగనికి పోయేవాడి తెలివి మీద నాకు అప్పుడే నమ్మకం పోయింది.

నేను లేచి వాల్యా దగ్గరికి వెళ్లాను. కానిస్టేబుల్ పక్కన అరుగు మీద కూర్చున్నాడు. కురచ మనిషి, కాళ్లు నేలకు అందడం లేదు.

“సోమారం నాలుగింటికి యాడున్నవే?”

“కొత్తగూడ కాడ తండాల అక్కా. గంగ వాళ్ల అవ్వగారి ఊరు. దావత్ ఉండె.”

“ఎవరి దావత్?”

“మా బామ్మర్ది హరిలాల్‌ది.” అంత కష్టంలోనూ వాల్యా ముఖం వెలిగింది. “కానిస్టేబుల్ సెలక్షన్ అయిండక్కా. వచ్చే నెల ట్రైనింగ్‌కు పోతడు. మా తండాల మొదటి పోలీసు వాడే. ఎనిమిదేండ్ల సంది నేనే సదివిపించిన.”

“ఎన్నింటికి పోయినవ్?”

“మూడింటికల్లా ఉన్న. గా రాత్రి గాడనే పండి, మంగళారం పొద్దుగాల వచ్చిన.”

“ఫోనో?”

“జేబుల్నే ఉండె. గాడ సిగ్నల్ ఉండదు. గుట్టెక్కితే ఒక్క గీత వస్తది. దావత్ ఇడిసిపెట్టి గుట్ట ఎవడెక్కుతడక్కా?”

సాక్షులున్నారా అంటే యాభైమంది ఉన్నారన్నాడు. వెనకనుంచి రాకేశ్, “యాభైమందీ బంధువులే,” అన్నాడు. ఎస్సై కూడా తల ఊపాడు. చుట్టాల సాక్ష్యం బలం నాకూ తెలుసు. ఐదేళ్లు నిండని మీసాలవాడికి సీటు సీటంతా సాక్ష్యం చెప్పేది.

“బామ్మర్దితోటి ఫోటోలన్న దిగినవా? పోలీసాయె. ఫోటో మీద టైముంటది.”

వాల్యా గొంతు తగ్గింది. “దిగలే అక్కా. వాడు లేడు.”

“ఎవని దావత్‌ల ఎవడు లేడు?”

“ఏదో సర్టిఫికెట్ కోసం మండలాఫీసుకు పోయిండట. కోసిన మ్యాక అంతా అయిపోయినా రాలే. వాని వంతు కూర తీసిపెట్టిన్రు.”

గంగాబాయి వైపు చూశాను. ఆమె షెడ్డు రేకులను లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తోంది. నాకు ఒక అనుమానం వచ్చింది, కానీ ఇంకా పేరు పెట్టదలచుకోలేదు.

రెండూ పదికి షెడ్డులోకి వెళ్లాం. కాపలాదారు సాయిలుకు అరవై దాటాయి. గేటు తాళం ఆయన నడుముకే ఉంటుంది. అయితే ఆయన ఇష్టానికి తీయడానికి వీల్లేదు. గేటు ఏజెంటు ఫోన్‌లో చెబితేనే తీయాలి. అది ఆడగొంతుతో చెబుతుంది. సాయిలు దానికి లేచి నిలబడి జవాబిస్తాడు.

“సోమారం ఏం చెప్పింది తాతా?”

“ ‘మూడో నంబరు మిషన్ బయలుదేరుతోంది, గేటు తీయండి’ అన్నది బిడ్డా. తీస్తనమ్మా అన్న. పాపం, ఎంత మర్యాదగ మాట్లాడుతదో.”

“వచ్చినోడు వాల్యానేనా?”

“ఐదు కొట్టంగ వచ్చిండు. మొకానికి దస్తీ కట్టుకున్నడు. దుమ్ము గదా, కోతలకాడ అందరు కట్టుకుంటరు. తాళం చెయ్యి గా మేకుకే ఉంటది. తీసుకున్నడు, ఎక్కిండు.”

“మాట్లాడిండా?”

“మిషన్ సప్పుడుల ఏం మాట్లాడుతరు? చెయ్యి ఊపిండు. నేనూ ఊపిన.”

“షెడ్డుల కెల్లి ఎట్ల తీసిండు?”

“ఎట్ల తీసుడేంది, ఒక్క దెబ్బకు ఎనుకకు తీసి, గిట్ల తిప్పి…” సాయిలు గాల్లో తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది. “అగో. గది వాల్యా కాదు బిడ్డా. వాల్యా ఏనాడన్న ఒక్క దెబ్బకు తీసిండా? ఐదుసార్లు ముంగటికి, ఐదుసార్లు ఎనుకకు. నేను పక్కపొంటి నిలబడి రానీ రానీ అని ఒర్రాలె.”

“మూడేసార్లు,” అన్నాడు వాల్యా బయటినుంచి, రోషంగా.

తనను కాపాడే మాటను తనే సరిదిద్దుతున్నాడు. ఇలాంటి మనిషి ఇల్లంత మిషన్ను దొంగిలించాడంటే నేను నమ్మను. కానీ ఎస్సై ముందు అది సాక్ష్యం కాదు.

షెడ్డులో మిషన్ ఆగే చోట నూనె మరకలు, పొట్టు, రెండు ఖాళీ డ్రమ్ములు ఉన్నాయి. ఒక డ్రమ్ము మీద బొంత ఉంది. పాత చీరలతో కుట్టింది, నాలుగు మడతలు నీటుగా పెట్టి ఉంది.

“ఇదెవరిది?”

“నాదే అక్కా,” అన్నాడు వాల్యా గడప దగ్గరికొచ్చి. “సీటు మీద ఏసుకుంట. లేకుంటే ముంగట వరి కోసే ఇనుప పండ్లు నాకవుపడయ్. గది సీటు మీదనే ఉండాలె, ఎవరు తీసిన్రు?”

తీసినవాడికి ఆ బొంత అడ్డం. అంటే పొడుగు మనిషి. అడ్డమైతే కింద పడేసి పోవచ్చు. ఇతను మడతపెట్టి, నూనె అంటకుండా డ్రమ్ము మీద పెట్టాడు. ఆ బొంత ఎవరు కుట్టారో, ఎవరు కూర్చుంటారో తెలిసినవాడే అలా పెడతాడు.

నేను మడతలు విప్పాను. లోపలి నుంచి అరచేతంత నల్ల డబ్బా జారి నేల మీద పడింది. రాకేశ్ ఉరికొచ్చి అందుకున్నాడు. మిషన్ ఎక్కడుందో చూపించే డబ్బా అది. సోమవారం ఐదూ రెండుకు దాని కబురు ఆగిపోతే, బ్యాటరీ అయిపోయిందని రాకేశ్ రిపోర్టులో రాసుకున్నాడు. వైర్లు తెంపలేదు. నాలుగు స్క్రూలూ తిప్పి తీసి, ఆ స్క్రూలను దారంతో కట్టి డబ్బాకే అంటించారు.

“నాలుగు దినాల సంది గిదీన్నే ఉన్నది సారూ. మీరు బొగ్గుగుట్ట చుట్టు తిరిగిన్రు.”

“బొంత విప్పడం నా డ్యూటీ కాదు,” అన్నాడు రాకేశ్. చెవులు ఎర్రబడ్డాయి.

“తాతా, ఒక్క దెబ్బకు తీసేటోడు ఇంకెవరన్న ఉన్నరా? ఎనుకట గీడ పనిచేసినోళ్లల్ల?”

సాయిలు వాల్యా వైపు చూశాడు, తర్వాత గంగాబాయి వైపు చూశాడు. “యాదికి లేదు బిడ్డా,” అన్నాడు. ఐదుసార్లో మూడుసార్లో లెక్క గుర్తున్న మనిషికి ఇది గుర్తులేదట.

మళ్లీ కుర్చీల దగ్గరికి వచ్చేసరికి రెండూ నలభై. రాకేశ్ ఇచ్చిన కాగితం తీసుకున్నాను. ఏజెంట్ల మాటలన్నీ వరుస నంబర్లతో అచ్చువేశాడు. ఒకటి, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది అని ఉన్నాయి. టికెట్ల కట్టలో మధ్యన నంబరు తప్పితే చెకింగ్ వాళ్లు కండక్టరును ఏం చేస్తారో నాకు తెలుసు.

“రెండు, మూడు యాడ పోయినయ్?”

“అవి పనికిరానివి మేడమ్. చెత్త.”

“చెత్తనే జర చూపియ్యుండ్రి.”

“మీకు అర్థం కావు.”

“నాకు కాకపోతే ఎస్సై సారుకు అయితయ్. చూపియ్యుండ్రి.”

ఎస్సై కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. రాకేశ్ లాప్‌టాప్ తెరిచి, దాన్ని మావైపు తిప్పడానికి మరో నిమిషం తీసుకున్నాడు. నాలుగూ రెండుకు రైతు పిలుపు రాగానే ఒకటో నంబరు మిషన్ ఒక జవాబిచ్చింది. రెండో నంబరూ అదే జవాబిచ్చింది. రకం: ‘అర్థం కాలేదు’.

“రోజుకు వంద వస్తాయి ఇలాంటివి,” అన్నాడు రాకేశ్.

“ఎందుకు అర్థం కాలే?”

“ప్రతి సందేశం మీదా మాటల పట్టీ పేరు ఉంటుంది. ఏ మాటకు ఏ అర్థమో ఆ పట్టీలో ఉంటుంది. ఒక మండలంలో పొలాన్ని సర్వే నంబరుతో చెప్తారు, ఇంకో మండలంలో వాగు పేరుతో చెప్తారు. అందుకని మండలానికో పట్టీ తయారుచేశాం. రైతు పేరు ఎక్కించిన చోటును బట్టి దానంతటదే అంటుకుంటుంది, మార్చడానికి కుదరదు. అవతలి ఏజెంటు దగ్గర ఆ పట్టీ లేకపోతే అర్థం కాలేదు అంటుంది. చాలా మామూలు విషయం.”

“భూపాలపల్లి రైతు పిలుపు భూపాలపల్లి మిషన్‌కు అర్థం కాకుంటుడు మామూలు విషయమా?”

ఎస్సై లేచి వచ్చి తెర మీదికి వంగాడు. పిలుపు చివర్న చిన్న అక్షరాల్లో ఉంది. పట్టీ: కొత్తగూడ.

“అంటే వాడు భూపాలపల్లోడు కాదు,” అన్నాడు ఎస్సై నెమ్మదిగా. “కొత్తగూడల పేరెక్కిచ్చుకోని భూపాలపల్లి అని చెప్పిండు.”

“మనిషి అబద్ధం చెప్పిండు సారూ. ఏజెంటు నమ్మి అందరికి చెప్పింది. చెప్పుడే దాని పని, పాపం.”

“కొత్తగూడలో సోమవారం ఎవరున్నారు మరి? వాల్యాయే కదా,” అన్నాడు రాకేశ్. నిజం చెప్పాలంటే నాకు దెబ్బ గట్టిగానే తగిలింది. “డ్రైవర్ అంగీకారం ఉంది. దాన్ని మీరేం చేస్తారు?”

టైము మూడు దాటింది. నేను ఏడో నంబరు వాక్యం మీద వేలు పెట్టాను. “అంగీకారం అంటే ఏంది? ఫోన్‌ల సరే అన్నడా?”

“ఫోన్ ఎత్తలేదు.”

“ఎత్తకపోతే ఒప్పుకున్నట్టు ఎట్లయితది?”

దానికి రాకేశ్ కాదు, సాయిలు జవాబు చెప్పాడు. “అట్లనే అయితది గదా బిడ్డా. ఎత్తి మాట్లాడేదేమున్నది? వస్తున్నమంటే ఎత్తం. రానప్పుడే ఎత్తి, రాను అంటం.”

కానిస్టేబుల్ కూడా అవునన్నట్టు తల ఊపాడు. మిస్డ్ కాల్ రోజుల నుంచి మా వైపు డ్రైవర్ల పద్ధతి అదే. ఫోన్ మోగుతుంది, ఎత్తరు, మనిషి వచ్చేస్తాడు. పోయిన వానాకాలం ఇదే షెడ్డులో మీటింగు పెట్టి, పది నిమిషాల్లో మూడుసార్లు చేసినా ఎత్తకపోతే ఒప్పుకున్నట్టే రాసుకోమని డ్రైవర్లందరూ పట్టుబట్టారట.

“స్థానిక పద్ధతిని ఏజెంట్ల భాషలోకి తెచ్చింది నేనే,” అన్నాడు రాకేశ్. ఆ మాట అంటున్నప్పుడు మొదటిసారి మనిషిలా నవ్వాడు. “దీని మీద బెంగళూరులో ప్రసంగం కూడా ఇచ్చాను.”

“మంచిగైంది. మరి సోమారం వాల్యా ఫోన్ మోగిందా?”

“ఎత్తలేదు అని ఉంది.”

“ఎత్తిండా లేదా అని అడుగుతలేను. మోగిందా?”

“ఏజెంటు దగ్గర రెండే గళ్లు ఉన్నాయి మేడమ్. ఎత్తారు, ఎత్తలేదు.”

“మోగనేలేదు అని ఇంకో గడి లేదా?”

“మోగని ఫోన్‌ను ఒప్పుకున్నట్టు అది రాయదు. నా ఏజెంటు అంత తెలివితక్కువది కాదు.”

“అయితే చూద్దాం. మూడో నంబరు డ్రైవర్ పేరు కాడ మీ పేరు రాయుండ్రి సారూ. మీ ఫోన్ బందు పెట్టి ఎస్సై సారు చేతికియ్యుండ్రి.”

రాకేశ్ ఒప్పుకోకపోయేవాడే. కానీ ఎస్సై చెయ్యి చాపి ఊరుకున్నాడు. ఆ చెయ్యి వెనక్కి పోలేదు. మూడూ పదిహేడుకు ఎస్సై పరశురాములు పెద్దవంగర రైతుగా పేరెక్కించుకుని, తన రెండెకరాల వరి కోయడానికి ఎవరొస్తారని పిలుపు పంపాడు. ఆయనకు సెంటు భూమి లేదు. కబురు పంపాక కాస్త గర్వంగా కూడా కనిపించాడు.

టీ తెప్పించారు. రాకేశ్ టీ తాగకుండా తెర మీద చూపు నిలిపి కూర్చున్నాడు. గంగాబాయి గోడ దగ్గర్నుంచి నాలుగడుగులు ముందుకొచ్చింది. మూడూ ఇరవై తొమ్మిదికి సాయిలు జేబులో ఫోన్ మాట్లాడింది.

“మూడో నంబరు మిషన్ బయలుదేరుతోంది. గేటు తీయండి.”

“తీస్తనమ్మా,” అని సాయిలు లేచి, నడుముకున్న తాళం తీసుకుని వెళ్లి, నాలుగు రోజులుగా కనబడని మిషన్ కోసం రెండు రెక్కలూ బార్లా తెరిచి పక్కన నిలబడ్డాడు. రోడ్డు మీద పోతున్న రెండు గేదెలు లోపలికి చూసి వెళ్లిపోయాయి.

ఎస్సై తెర మీద చదివాడు. “డ్రైవర్ రాకేశ్. అంగీకారం.” తర్వాత బందు పెట్టిన ఫోన్‌ను రెండు వేళ్లతో పైకెత్తి చూపించాడు. “నా రెండెకరాలు కోసెతందుకు ఒప్పుకున్నరు సారూ. ఎప్పుడొస్తరు మరి?”

కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక షెడ్డు వెనక్కి పోయాడు. రాకేశ్ లాప్‌టాప్ మూత సగం దించాడు. బెంగళూరు ప్రసంగం గుర్తొచ్చి ఉంటుంది. నాకు జాలి కలగలేదు, చెప్పొద్దూ, సంబరమే కలిగింది. వాల్యా అరుగు దిగి రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. అతనికి విషయం సగమే అర్థమైంది, కానీ తాను బయటపడ్డానని మాత్రం తెలిసింది.

“సరే సుమనక్కా,” అన్నాడు ఎస్సై. “వాల్యా ఒప్పుకోలే. మరి తీసిందెవరు?”

నేను ఊపు మీద ఉన్నాను. ఆపుకోలేకపోయాను.

“సారూ, గేటు తెరవాలంటే ఏజెంటు చెప్పాలె. ఏజెంటు చెప్పాలంటే వాల్యా ఫోన్ పలకొద్దు. అంటే వాల్యా నాలుగింటికి సిగ్నల్ లేని కాడ ఉంటడని తెలిసినోడు. ఎత్తకపోతే ఒప్పుకున్నట్టే అని గా మీటింగుల ఇన్నోడు. అంటే గీడ డ్రైవర్ పని చేసినోడు. మిషన్‌ను ఒక్క దెబ్బకు తీసేటోడు, స్క్రూలు పదిలంగ కట్టి పెట్టెటోడు. పొడుగు మనిషి. కొత్తగూడ పట్టీ. వాల్యా బొంతకు నూనె అంటనియ్యనోడు. వాల్యాను సోమారం గాడికి పిలిపిచ్చి, తను మాత్రం…”

అక్కడ నాకు గంగాబాయి ముఖం కనబడింది. ఆమె నన్నే చూస్తోంది. రెప్ప వేయడం లేదు.

వచ్చే నెల ట్రైనింగ్. తండాలో మొదటి పోలీసు. కేసు పడితే ఆ ఉద్యోగం రాదు, జన్మలో రాదు. ఎనిమిదేళ్లు చదివించిన బావ, ఇప్పుడు నా ఎదురుగా చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. నా నోట్లో పేరు తయారుగా ఉంది, బయటికి రాలేదు. నాకు భయమేసింది. ఇరవై రెండేళ్లలో టికెట్ లేనివాళ్లను ఎంతమందిని బస్సు దింపానో, ఎన్నడూ ఇలా వెనకాడలేదు.

“తను మాత్రం?” అన్నాడు ఎస్సై.

వాల్యా జోడించిన చేతులు కిందికి దించాడు. నేను ఆగిన చోటు నుంచి మిగతా దారి అతను నడిచి వెళ్లినట్టున్నాడు.

“నేనే తీసిన సారూ,” అన్నాడు.

“ఏంది?”

“మిషన్ నేనే తీసిన. రాసుకోండ్రి.”

“దావత్‌ల మ్యాక కూర తినుకుంట తీసినవా?”

“దావత్‌కు పోలే. అబద్ధం చెప్పిన. ఒక్క దెబ్బకు తీసుడు కూడ నాకొస్తది. ఊకెనే మూడుసార్లు తిప్పుత.”

రాకేశ్ ప్రాణం లేచి వచ్చినట్టు నిటారుగా కూర్చున్నాడు. “చూశారా సార్? నేను మొదట్నుంచీ చెప్తున్నాను. తన నోటితోనే ఒప్పుకున్నాడు.”

ఎస్సై నా వైపు చూశాడు. మూడూ నలభై ఆరు. “అక్కా, వాడు చెప్పేది ఉత్తదే అని నాకు తెలుసు. కని మనిషి నిలబడి నేనే చేసిన అంటే నేను రాయాలె. నీకు పేరు తెలిస్తే చెప్పు.” పెన్ను క్యాప్ తీశాడు. నేను చెప్పలేదు. వాల్యా నన్ను చూస్తున్న చూపుకు చెప్పలేకపోయాను. ఎస్సై కాగితం మీద వాల్యా పేరు రాయడం మొదలుపెట్టాడు.

“రాయకుండ్రి సారూ,” అంది గంగాబాయి.

“గంగా, ఊకో,” అన్నాడు వాల్యా.

ఆమె ఊరుకోలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని ఎస్సై ముందుకు వచ్చి నిలబడింది. “హరిలాల్ సారూ. మా తమ్ముడు. పోయిన వానాకాలం గీడనే డ్రైవర్ పని చేసిండు. మా అవ్వకు గుట్ట అవతల రెండెకరాలు వరి ఉన్నది. మా మండలం వరుసల మిషన్ పదకొండో దినం వస్తదన్నది ఫోన్, భూపాలపల్లి అంటే వరుస లేదు. బుధారం వాన పడ్తదన్నది గదే ఫోన్. గందుకే తీసిండు. తెల్లారేసరికి కోసిండు. తెచ్చి మల్ల గీన్నే పెడదామనుకున్నడు. వచ్చేటప్పుడు వాగుల దిగబడ్డది. మూడు దినాల సంది ట్రాక్టర్లు పెట్టి గుంజుతున్నరు, వస్తలేదు.”

సాయిలు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. వాల్యా అరుగు మీద కూలబడ్డాడు.

“నీకెప్పుడు తెలిసింది?” అన్నాను నేను.

“మంగళారం పొద్దుగాల్నే. అవ్వ ఫోన్ చేసింది.”

“మరి నిన్న నా దగ్గరికి ఎందుకొచ్చినవ్ గంగా? తెలిసినదాన్ని కనుక్కొమ్మని ఎందుకు చెప్పినవ్?”

ఆమె నా మీద కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

“నువ్వు చెప్తవని అక్కా. నువ్వు చెప్తే డిటెక్టివ్ కనిపెట్టింది అనుకుంటడు మా తమ్ముడు. మా అవ్వ నిన్ను తిడతది, నా ఇంటికి వస్తది. నేను చెప్తే నాకు తమ్ముడుండడు, అవ్వగారిల్లు ఉండదు. నోటిదాంక తెచ్చి నువ్వు ఊకున్నవ్.”

ఎస్సై రాసిన పేరును ఒక గీతతో కొట్టేశాడు. కింద ఇంకో పేరు మొదలుపెట్టి, ఆగి తలెత్తాడు.

“ఇంటిపేరు ఏందమ్మా?”

అదీ ఆమే చెప్పాల్సి వచ్చింది.